ఊదుగొట్టం మన చేతిలో, బాకా వాళ్ళ చేతిలో

ఈ ఏడాది మార్చి 8న నర్సీపట్నంలో మనం ఊరేగింపు తీశాం. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, మాకవరపాలెం మండలాల నుంచి స్త్రీలు బస్సుల్లో, ఆటోల్లో వచ్చారు. బ్యానరు పట్టుకున్నది స్త్రీలు. నినాదాలు ఇచ్చింది స్త్రీలు. ఎండలో నిలబడి ఉపన్యాసాలు చెప్పిందీ, విన్నదీ స్త్రీలే. అందరికంటే ముందు మాత్రం ఎర్రకోట్లు వేసుకున్న పదకొండుమంది మొగవాళ్ళు నడిచారు. వాళ్ళు బ్యాండు మేళం. మన చందా డబ్బుతో, మన కమిటీ తీర్మానం ప్రకారం మాట్లాడుకున్న మేళం.

తర్వాత జరిగిన సమీక్షా సమావేశంలో నేనీ మాట ఎత్తాను. మన ఊరేగింపుకి ముందు నడిచే మేళంలో ఒక్క స్త్రీ అయినా ఎందుకు లేదని అడిగాను. అందరూ నవ్వారు. ఒక మిత్రురాలు, "బాకాల దాకా వచ్చిందా మేడమ్ మీ స్త్రీవాదం?" అంది. ఇంకొకామె కాస్త కోపంగానే, "కొండమీద ఆడవాళ్ళు బిందెడు నీళ్ళ కోసం మైళ్ళు నడుస్తున్నారు. ముందు నీళ్ళు, తర్వాత బాకాలు" అంది. ఆ నవ్వుకీ, ఆ కోపానికీ రెండింటికీ జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నర్సీపట్నంలో బ్యాండు మేళాల కుటుంబాల గురించి నేను కొంతకాలంగా పరిశోధన చేస్తున్నాను. మొదటిసారి ఒక ఇంటికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూచుని ప్రశ్నావళి తీశాను. మేళం ఎవరిది, ఎన్నేళ్ళుగా వాయిస్తున్నారు, ఎవరు నేర్పారు అని యజమానిని అడిగాను. ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళింది. వృత్తి అన్న గడిలో ఆమెకి ఎదురుగా "గృహిణి" అని రాసుకున్నాను. సోషియాలజీలో డాక్టరేటు తీసుకున్నదాన్ని, స్త్రీల శ్రమ లెక్కల్లోకి రావడం లేదని పదిచోట్ల ఉపన్యాసాలు ఇచ్చినదాన్ని! నా చేత్తోనే ఆ శ్రమని లెక్కలోంచి కొట్టేశాను.

మూడోసారి వెళ్ళినప్పుడు లోపలి గదిలోంచి ట్రంపెట్ వినిపించింది. తలుపులు, కిటికీలు వేసి ఉన్నాయి. వాయిస్తున్నది ఆమె. భర్తకి కొన్నేళ్ళ క్రితం మోటారుసైకిల్ మీంచి పడి ముందుపళ్ళు ఊడిపోయాయి. ట్రంపెట్ వాయించేవాడికి పళ్ళంటే వ్రేళ్ళ కంటే ఎక్కువ. ఆ వాద్యానికి ఉన్నవి మూడే మీటలు. స్వరం పుట్టేది మీటల్లో కాదు, పెదవుల్లో. బిగించిన పెదవుల మధ్య నించి గాలి పంపితే అవి అదురుతాయి, ఆ అదురే స్వరం అవుతుంది. మీట మార్చకుండా పెదవి బిగువు మార్చినా స్వరం మారుతుంది. ఆ పెదవికి వెనక ఆనుడు ముందుపళ్ళే. అవి పోయాక ఆయన వాద్యం పట్టలేకపోయాడు, మేళం పేరు మాత్రం ఆయనదే. చిన్నప్పుడు తండ్రి వాయిస్తుంటే విని, దొంగతనంగా పట్టి నేర్చుకున్న విద్య అప్పుడు ఆమెకి అక్కరకొచ్చింది.

ఇప్పుడా మేళంలో వాయించే కుర్రాళ్ళకి నేర్పేది ఆమే. కొత్త సినిమా పాట వచ్చిన వారానికే పెళ్ళివారు ఆ పాట కావాలంటారు. సినిమాలో ఆ పాటకి డజన్లకొద్దీ వాద్యాలు ఉంటాయి, ఇక్కడ ఉన్నది పదకొండుమంది. ఏ ముక్క ట్రంపెట్‌కి ఇవ్వాలి, ఏది కిలార్నెట్‌కి, ఏది యుఫోనియంకి, నడుస్తూ వాయించేవాడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ డ్రమ్ముకి వదలాలి అని పంచిపెట్టేది ఆమే. అప్పగింతలప్పుడు ఆ మేళం వాయించే ఒక బాణీ ఉంది. అది ఏ సినిమాలోదో అని చాలా రోజులు వెతికాను. ఏ సినిమాలోదీ కాదు, ఆమె కట్టింది. ఆ చుట్టుపక్కల ఎంతమంది పెళ్ళికూతుళ్ళు ఆ బాణీ వింటూ ఏడ్చి అత్తారింటికి వెళ్ళారో! కట్టినామె ఎవరో ఒక్కరికీ తెలియదు.

వాయించేవాడు, బాణీలు కట్టేవాడు, నేర్పేవాడు. మొగవాడైతే ఈ మూడింటికీ మూడు బిరుదులు ఉంటాయి: విద్వాంసుడు, సంగీత దర్శకుడు, మాస్టారు. ఆమె మూడూ చేసి గృహిణి అయింది. పేరు రాసుకుంటానని అడిగితే, "పేరెందుకండీ? బోర్డు మీద ఆయన పేరుంది కదా, అది సాలు" అంది. అందుకే ఇక్కడ కూడా ఆమె పేరు లేదు.

మరి పెళ్ళికి ఎందుకు వెళ్ళదు? నేను మేళాల వాళ్ళనీ, పెళ్ళివాళ్ళనీ, చివరికి మన కార్యకర్తలనీ అడిగాను. వచ్చిన జవాబుల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి జవాబు: ఆడవాళ్ళ ఒంటికి పడదు. అంత గాలి ఊదితే గర్భసంచి జారుతుందట. ఈ మాట చదువురాని వాళ్ళే కాదు, ఉద్యోగాలు చేసే వాళ్ళూ అన్నారు. అయ్యా, మీ ఇంట్లో గ్యాసు రాకముందు పొయ్యి ఊదింది ఎవరు? ఊదుగొట్టం ఎవరి చేతిలో ఉండేది? తడికట్టెలు పెట్టి, పొగలో కళ్ళు మండుతుంటే, నిండు చూలాలు కూడా వంగి కూచుని ఊదింది. అప్పుడెవరికీ ఆమె గర్భసంచి గుర్తుకు రాలేదు. కొండమీద ఊళ్ళల్లో ఈ రోజుకీ ఊదుతూనే ఉన్నారు. ఊదుగొట్టమూ గొట్టమే, బాకా కూడా గొట్టమే. ఒకదాంట్లో ఊదితే పొగ వచ్చి మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండోదాంట్లో ఊదితే పాట వచ్చి నలుగురికీ వినపడుతుంది. మొదటిది మన ఒంటికి పడుతుంది, రెండోది పడదు! బెంగాలులో పెళ్ళిళ్ళలో, పూజల్లో శంఖం ఊదేది ఆడవాళ్ళు. బెంగాలీ స్త్రీల గర్భసంచులు వేరే రకంగా ఉంటాయా?

ఇది మన దగ్గరి మూఢత్వం మాత్రమే అనుకోకండి. 1980లో జర్మనీలోని మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం ట్రాంబోన్ వాయించే ముఖ్య కళాకారుడి కోసం పోటీ పెట్టింది. ట్రాంబోన్ ట్రంపెట్‌కి దగ్గరి చుట్టమే. అభ్యర్థులు తెర వెనక నిలబడి వాయించారు. న్యాయనిర్ణేతలు ఏకంగా ఒకరిని మెచ్చుకున్నారు. తెర తీస్తే ఆమె అబ్బీ కోనంట్ అనే అమెరికన్ స్త్రీ. రెండేళ్ళకే ఆమెను రెండో స్థానానికి దించారు. ఆమె కోర్టుకి వెళ్ళింది. తనకి దమ్ము చాలునని రుజువు చేసుకోవడానికి ఊపిరితిత్తుల పరీక్షలు చేయించుకోవాల్సి వచ్చింది. స్థానం కోసం, తోటి మొగవాళ్ళతో సమానమైన జీతం కోసం 1993 దాకా పోరాడింది, గెలిచింది. తెర ఉన్నంతసేపూ సరిపోయిన దమ్ము తెర తీయగానే ఎలా చాలకుండా పోయింది? అంటే వాళ్ళు వింటున్నది స్వరాన్ని కాదన్నమాట.

రెండో జవాబు: పరువు. పెళ్ళి ఊరేగింపులు రాత్రుళ్ళు జరుగుతాయి, తాగినవాళ్ళు ముందు చిందులేస్తారు, అలాంటి చోట ఆడపిల్ల నిలబడుతుందా అంటారు. ఈసారి ఊరేగింపు చూసినప్పుడు మేళానికి రెండు పక్కలా చూడండి. నెత్తిమీద లైట్లు మోస్తూ, వైర్లు కాళ్ళకి అడ్డంపడకుండా చూసుకుంటూ నడిచేది ఎవరు? చాలాచోట్ల ఆడవాళ్ళే. అదే రాత్రి, అదే రోడ్డు, అదే తాగుబోతులు. నెత్తిమీద దీపం మొయ్యడానికి అడ్డురాని పరువు చేతిలో వాద్యం పట్టడానికి అడ్డొచ్చింది. నిజానికి భయం ఆమె రోడ్డు మీద నిలబడుతుందని కాదు, నిలబడి అందరి చూపూ తనవైపు తిప్పుకుంటుందని. దీపం మోసేదాన్ని ఎవరూ చూడరు. ఆమె వెలుగులో ఇతరుల్ని చూస్తారు.

పరువు గురించి చెప్పాల్సింది ఇంకా ఉంది. సంగీతం వచ్చిన పిల్ల కావాలని మన మధ్యతరగతి పెళ్ళిచూపుల్లో అడిగేవారు. ఆ సంగీతం అంటే వీణ, వయొలిన్, గాత్రం. కూచుని, తలవంచుకుని, ముఖం చెదరకుండా వాయించేవి. బుగ్గలు పొంగి, మెడనరాలు తేలి, నిలబడి వాయించేవి ఆడదానికి కావు. స్త్రీ ముఖం చూసేవాళ్ళ కోసం ఉన్నదనీ, ఆమె పని కోసం కాదనీ ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? అమెరికాలో వలైడా స్నో (1904-1956) అనే నల్లజాతి స్త్రీ ట్రంపెట్‌తో దేశదేశాలు తిరిగింది. ఆమెకి జనం పెట్టిన పేరు లిటిల్ లూయిస్. అంటే చిన్న ఆర్మ్‌స్ట్రాంగ్! అంత పేరు తెచ్చుకున్నా ఒక మొగవాడి పేరులో చిన్నముక్కే ఆమెకి దక్కింది.

మూడో జవాబు: మంగళవాద్యం. శుభకార్యంలో వాయించే వాద్యానికి మైలపడకూడదు, ముట్లున్నవాళ్ళు తాకకూడదు, విధవలు అసలే తాకకూడదు. నేను మేళాలవాళ్ళని ఒక ప్రశ్న అడిగాను: పెళ్ళికి మిమ్మల్ని మాట్లాడుకునేటప్పుడు, నీ భార్య బతికే ఉందా అని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదు. భార్య పోయినవాడు పదకొండోరోజు కాగానే పెళ్ళికి వెళ్ళి వాయించవచ్చు. వాడి ఊపిరికి అశుభం అంటదు. శుభాశుభాల బరువంతా స్త్రీ ఒంటిమీదే మోపారు.

చరిత్రలోకి వెళ్ళినా ఇదే కనపడుతుంది. కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు మేళం అంటే కళావంతుల మేళం. పాడేదీ ఆడేదీ స్త్రీ, వెనక వాయించేది మొగవాడు. 1947లో మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది. 1956లో ఆంధ్రలో ఆ చట్టాన్ని సవరించి పెళ్ళిళ్ళలో మేళాలు కట్టడాన్ని కూడా నిషేధించారు. ఆడపిల్లల్ని దేవుడి పేరుతో అంకితం చేసే ఆచారం పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ చట్టాల తర్వాత పెళ్ళిపందిట్లోంచి వెళ్ళిపోయిందెవరు, మిగిలిందెవరు? ఆమె వెళ్ళిపోయింది, ఆమె విద్య వెళ్ళిపోయింది. సన్నాయి మిగిలింది, డోలు మిగిలింది, తర్వాత బ్యాండు దాని పక్కన చేరింది. దోపిడీని తీసెయ్యబోయి స్త్రీ వృత్తినే తీసేశారు. ఆమెకి బదులుగా ఇంకో వృత్తి చూపించాలని ఎవరికీ తోచలేదు. బహిరంగంగా సంగీతంతో బతికే స్త్రీ అంటే ఇప్పటికీ ఆ పాత అనుమానపు చూపే. నర్సీపట్నంలో ఆ ఇంటి కిటికీలు మూసి ఉండడానికి వెనక ఆ చూపు ఉంది.

కొండమీదికి వెళ్ళినా అంతే. చింతపల్లి, అరకు వైపు థింసా ఆడేది ఆడవాళ్ళు. దండలా చేతులు కలిపి గంటలకొద్దీ ఆడతారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయించేది మొగవాళ్ళు. జోడుకొమ్ములు అంటే మన బాకాలే. ఆదివాసీ సమాజంలో స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువ అని మనం రాస్తూ ఉంటాం. అడుగు ఆమెది, ఆ అడుగు ఎప్పుడు పడాలో చెప్పే వాద్యం మాత్రం అతనిది. దీన్ని కూడా రాయాలి.

భాషని చూడండి. ఎవణ్ణయినా అదేపనిగా పొగిడితే బాకా ఊదుతున్నాడంటాం, గొప్పలు చెప్పుకుంటే డప్పు కొట్టుకుంటున్నాడంటాం. ఈ సామెతలు కింది కులాల పనిని హీనపరిచి పుట్టినవి. ఆడదానికి ఈ భాష ఇచ్చిన వాద్యం ఒక్కటే: సన్నాయి నొక్కులు! ఎత్తిపొడుపు మాటలు మాట్లాడినప్పుడు ఆమె చేతికి సన్నాయి ఇస్తాం. నిజం సన్నాయి మాత్రం ఇవ్వం.

ఇవ్వడం సాధ్యం కాక కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసుడిగా శ్రీరంగంలో స్థిరపడి దేశమంతా పేరు పొందారు. ఆయన శిష్యుల్లో షేక్ మహబూబ్ సుభానీతో పాటు ఆయన భార్య కాలీషాబీ ఉన్నారు. ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. హిందూ దేవాలయాల మంగళవాద్యాన్ని ఒక ముస్లిం స్త్రీ వాయిస్తే ఏ దేవుడూ గుడి విడిచిపోలేదు. 2021లో విజయవాడ మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతికి పద్మశ్రీ వచ్చింది. 2024 జనవరి 26న ఢిల్లీ కవాతుకి ముందు వందమందికి పైగా స్త్రీలు శంఖం, నాదస్వరం, నగారా వాయిస్తూ నడిచారు. బీహారులో పాట్నా దగ్గర దళిత స్త్రీలు సుధా వర్ఘీస్ పూనికతో బ్యాండు కట్టి పెళ్ళిళ్ళకి వెళ్ళి డ్రమ్ములు వాయిస్తున్నారు. ఢిల్లీ కర్తవ్యపథంలో చెల్లినదీ, బీహారు పల్లెలో చెల్లినదీ నర్సీపట్నంలో ఎందుకు చెల్లదు? కాలీషాబీకి, సుమతికి వాద్యం ఇంట్లోనే ఉంది, ఇంట్లోవాళ్ళు చెయ్యిపట్టి బయటికి తెచ్చారు. నేను చెప్తున్నామెకి కూడా వాద్యం ఇంట్లోనే ఉంది. బయటికి తెచ్చే చెయ్యి మాత్రం లేదు.

ప్రభుత్వం చెయ్యి ఇస్తుందా? 2023 సెప్టెంబరు 17న కేంద్రం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. చేతివృత్తులవారికి శిక్షణ, పనిముట్లు, తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చే పథకం. అందులో 18 వృత్తులు ఉన్నాయి. వడ్రంగి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, పూలదండలు కట్టేవారు ఉన్నారు, మంగలి ఉన్నాడు. వాద్యం వాయించేవాడు లేడు. మన ఊళ్ళల్లో తరతరాలుగా సన్నాయి వాయించింది మంగలి కులంవాళ్ళే. వాళ్ళ చేతిలో కత్తి ఉంటే వృత్తి, సన్నాయి ఉంటే వృత్తి కాదు! మన రాష్ట్రంలో డప్పు కళాకారులకి పింఛను ఉంది, 2024లో దాన్ని 4,000 రూపాయలకి పెంచారు. మంచిదే. అయితే డప్పు కళాకారుడి ఇంట్లో డప్పుకి తోలు నానబెట్టి, ఆరబెట్టే స్త్రీ ఏ జాబితాలో ఉంది?

మేళం ఇంటామె పొదుపు సంఘంలో సభ్యురాలు. వాద్యాలు కొనుక్కుని ఆడవాళ్ళ మేళం ఒకటి కడదామని ఓసారి నలుగురు స్త్రీలు ధైర్యం చేసి అప్పుకి దరఖాస్తు పెట్టారు. మహిళలకి అనుకూలమైన వృత్తి ఏదైనా రాసుకురమ్మని కాగితం తిప్పి పంపారు. చివరికి కుట్టుమిషన్లు అని రాస్తే అప్పు వచ్చింది. కుట్టుమిషను వచ్చింది. ఇప్పుడు ఆమె దానిమీద మేళంవాళ్ళ ఎర్రకోట్లు కుడుతోంది. తను ఎన్నడూ తొడుక్కోని కోట్లు.

ఇక మనవాళ్ళ జవాబులకి వస్తాను. ఒకటి, బ్యాండు మేళాలే పోతున్నాయి, అంతా డీజేలు వచ్చేశాయి, మునిగే పడవలోకి ఆడవాళ్ళని ఎక్కించడం ఎందుకు? ఈ మాటలో కొంత నిజం ఉంది. డీజే పెట్టెలు మేళాల పొట్టకొట్టాయి. కానీ ఆ పెట్టెల వ్యాపారం కూడా మొగవాళ్ళదే కదా! మేళం బాగున్నప్పుడు, ఇది మొగవాళ్ళ పని అన్నారు. మేళం చితికిపోయాక, ఇప్పుడెందుకు అంటున్నారు. స్త్రీకి ఏ వృత్తిలోనైనా ప్రవేశించే సరైన సమయం ఎప్పుడొస్తుంది? ఇంకో సంగతి. మేళం పూర్తిగా చితికిపోకుండా ఇన్నాళ్ళు నిలబెట్టింది ఆమె లాంటివాళ్ళ జీతం లేని పని. పడవలో ఆమె ఎప్పటినుంచో ఉంది. నీళ్ళు తోడుతోంది. తెడ్డు ఇవ్వమని మాత్రమే నేను అడుగుతున్నాను.

రెండు, ముందు నీళ్ళు, తర్వాత బాకాలు. మిత్రులారా, ఈ వరస మనకి కొత్త కాదు. ముందు విప్లవం తర్వాత స్త్రీల సమస్యలు అని పెద్దపెద్ద నాయకులు చెప్పినప్పుడు మన ముందుతరంవాళ్ళు పోట్లాడి బయటికి వచ్చారు. ఇప్పుడు అదే వరసని మనం ఇంకొకామెకి అప్పజెప్తున్నాం. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు, ఇంట్లో మొగుడి తాగుడు కూడా ఒక ఉద్యమ సమస్యా అని నవ్వినవాళ్ళున్నారు. 1995లో మద్యనిషేధం వచ్చాక ఆ నవ్వులు ఆగాయి. నీళ్ళు కావాలి, కూలి కావాలి, నిజమే. ఆమె అడుగుతున్నది కూడా కూలే. చేసిన పనికి కూలి, కట్టిన బాణీకి పేరు, వచ్చిన విద్యతో బతికే హక్కు. ఇది బతుకు ప్రశ్న కాకుండా కళాభిరుచి ప్రశ్న ఎలా అయింది? కింది కులాల స్త్రీ చేతిలో ఉన్న నైపుణ్యాన్ని నైపుణ్యంగా చూడలేని మన చూపే దాన్ని అలా చేసింది.

ఆ ఇంట్లో ఒక మనవరాలు ఉంది. తొమ్మిదో తరగతి. అమ్మమ్మ కుర్రాళ్ళకి నేర్పుతుంటే గుమ్మంలో కూచుని వింటుంది. తనకీ నేర్పమని పేచీ పెడుతోంది. నేర్పనంటోంది అమ్మమ్మే. "అది సేతిలో పడితే గుంటకి పెళ్ళవ్వదండి. నానేటి సేసీది?" అంది నాతో. పితృస్వామ్యం ఆమె చేతే కిటికీలు మూయిస్తోంది. దానికి ఆమెని నిందించి మనం తప్పించుకోలేం. ఆ పిల్ల వాయించి బతకగలదని ఆమెకి మనం ఒక్క నిదర్శనమైనా చూపించామా? మన మార్చి 8 ఊరేగింపే ఆమె ముందు నించి వెళ్ళింది. ముందు పదకొండుమంది మొగవాళ్ళు, వాళ్ళ ఒంటిమీద ఆమె కుట్టిన కోట్లు, వాళ్ళ నోట్లో ఆమె నేర్పిన పాట. వెనక మనం, సమానత్వం అని అరుస్తూ.

అందుకని మన సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. మనం డబ్బిచ్చి మాట్లాడుకునే ఏ మేళంలోనైనా స్త్రీలు వాయించాలని షరతు పెడదాం. మొదట ఇద్దరే దొరకవచ్చు, ఇద్దరితోనే మొదలుపెడదాం. రెండోది, వాద్యకారుల వృత్తిని ప్రభుత్వ పథకాల జాబితాల్లో చేర్చాలనీ, అందులో ఇంట్లో నేర్పే, బాణీలు కట్టే స్త్రీని కూడా వృత్తిదారుగా రాసుకోవాలనీ డిమాండ్ చేద్దాం. మూడోది మన చేతుల్లోనే ఉంది. మన సర్వే కాగితాల్లో "గృహిణి" అని రాసేముందు కలం ఆపి, లోపలి గదిలోంచి ఏం వినపడుతోందో ఒక్క నిమిషం విందాం.

నా కాగితంలో ఆ గడిని దిద్దాను. ట్రంపెట్ వాద్యకారిణి, స్వరకర్త, ఉపాధ్యాయురాలు అని రాశాను. గడి చిన్నది, అక్షరాలు పక్క గడిలోకి పోయాయి. పక్క గడి భర్తది. కాస్త సర్దుకోమనండి.